పీఎఫ్ (పవర్ ఫ్యాక్టర్) 0.98 వస్తోంది, కానీ టీహెచ్‌డీ (కరెంట్‌లో హార్మోనిక్‌ల మొత్తం వక్రత) 18 శాతం కంటే దిగడం లేదు

ప్రశ్న
150 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై). ముందు ఎల్6562 కంట్రోలర్ చిప్‌తో బూస్ట్ పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్‌ను సరిచేసే దశ). ఇన్‌పుట్ 230 వోల్టులు, బస్ (పీఎఫ్‌సీ ఇచ్చే డీసీ) 400 వోల్టులు, బస్ మీద 100 మైక్రోఫారడ్ కెపాసిటర్. ఫీడ్‌బ్యాక్ డివైడర్‌లో బస్ వైపు రెసిస్టర్ 1 మెగాఓమ్. లోడ్ మారినప్పుడు బస్ త్వరగా సర్దుకోవాలని కాంపెన్సేషన్‌లో (ఫీడ్‌బ్యాక్ వేగాన్ని నిర్ణయించే భాగంలో) 22 నానోఫారడ్ కెపాసిటర్ ఒక్కటే పెట్టాను. అది కలిసే కాంప్ పిన్ సగటు 4 వోల్టులు, దాని మీద 0.85 వోల్టుల 100 హెర్ట్జ్ రిపుల్. ఎక్స్ కెపాసిటర్లు (మెయిన్స్ రెండు తీగల మధ్య ఉండేవి) 0.47 మైక్రోఫారడ్ చొప్పున రెండు, బ్రిడ్జ్ తర్వాత 1 మైక్రోఫారడ్ ఫిల్మ్. 20 వాట్ల లోడ్‌లో పీఎఫ్ 0.6కి పడిపోతోంది. టీహెచ్‌డీ 10 శాతం లోపు కావాలి.

జవాబు 1
పీఎఫ్ అంకె చూసి నిశ్చింతగా ఉండకండి. టీహెచ్‌డీ 18 ఉన్నా, ఫేజ్ తేడా లేకపోతే పీఎఫ్ 0.98 వచ్చేస్తుంది.

అసలు దోషం ఆ 22 నానోఫారడ్‌దే. 150 వాట్లలో మీ బస్ రిపుల్ దాదాపు 12 వోల్టులు. దాన్ని లూప్ (బస్ వోల్టేజ్ చూసి కరెంట్ సర్దే ఫీడ్‌బ్యాక్ వలయం) సరిగా అణచడం లేదు. ఈ చిప్‌లో కరెంట్ ఆకారాన్ని నిర్ణయించే మల్టిప్లయర్ కాంప్ వోల్టేజ్‌లోంచి 2.5 తీసేసి మిగతాదే వాడుకుంటుంది, అంటే 1.5 వోల్టులు. అందులో రిపుల్ ఎత్తు 0.43, అంటే 28 శాతం. దాంట్లో సగం మూడో హార్మోనిక్‌గా (150 హెర్ట్జ్) కరెంట్‌లోకి వస్తుంది: 14 శాతం. కెపాసిటర్‌ను 330 నానోఫారడ్ చేయండి, 1 శాతానికి దిగుతుంది.

జవాబు 2
రోగం సరిగ్గా పట్టుకున్నారు, ఆ 330 నానోఫారడ్ మందు మాత్రం ప్రమాదం. వెనక ఉన్నది డీసీ-డీసీ కన్వర్టర్ కదా, స్థిర పవర్ లోడ్. బస్ కెపాసిటర్ ఒక ఇంటిగ్రేటర్ (వచ్చిందంతా కూడబెట్టేది), కాంపెన్సేషన్ కెపాసిటర్ మరొకటి. ఫేజ్ మార్జిన్ (లూప్ ఊగకుండా ఉండే వెసులుబాటు) సున్నా దగ్గరికి చేరి బస్ 14 హెర్ట్జ్ ప్రాంతంలో ఊగుతుంది.

15 కిలోఓమ్, 2.2 మైక్రోఫారడ్ సిరీస్‌లో పెట్టి, ఆ జతకి సమాంతరంగా 100 నానోఫారడ్ పెట్టండి. లూప్ గెయిన్ 7 హెర్ట్జ్ దగ్గర 1కి దిగుతుంది, అక్కడ మార్జిన్ 50 డిగ్రీలు. మూడో హార్మోనిక్ 2 శాతం చిల్లర ఉంటుంది, అది చాలు. లూప్ మందగిస్తుందని భయం వద్దు. లోడ్ ఒక్కసారి తీసేస్తే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ ద్వారా అదనంగా వచ్చే కరెంట్ 40 మైక్రోఆంపియర్లకి చేరగానే చిప్‌లోని ఓవర్‌వోల్టేజ్ రక్షణ పనిచేస్తుంది. మీ 1 మెగాఓమ్‌తో అది 440 వోల్టులు. బస్ కెపాసిటర్ 450 వోల్టులదేనా, చూసుకోండి.

జవాబు 3
20 వాట్ల సంగతి వేరు. అక్కడ అసలు కరెంట్ 87 మిల్లీఆంపియర్లు, ఎక్స్ కెపాసిటర్లే 68 లాగుతున్నాయి. పీఎఫ్ అక్కడే 0.79కి దిగిపోయింది. మిగతాది బ్రిడ్జ్ తర్వాతి 1 మైక్రోఫారడ్ పని. తక్కువ లోడ్‌లో మెయిన్స్ సున్నా దాటేలోపు అది ఖాళీ కాదు, బ్రిడ్జ్ మూసుకుపోయి స్కోప్‌లో కరెంట్ అక్కడ చదునుగా కనిపిస్తుంది. దాన్ని 0.33 చేయండి. ఎక్స్ కెపాసిటర్ తగ్గిస్తే మాత్రం ఈఎంఐ (మెయిన్స్‌లోకి వెళ్ళే స్విచింగ్ రొద) మళ్ళీ కొలవాలి, దాన్ని అడ్డుకునే డిఫరెన్షియల్ చోక్ పెంచాల్సి రావచ్చు.

కొలిచేటప్పుడు స్కోప్ గ్రౌండ్ క్లిప్‌ను బ్రిడ్జ్ నెగటివ్‌కి తగిలించకండి, బ్రిడ్జ్ పేలిపోతుంది. డిఫరెన్షియల్ ప్రోబ్ వాడండి. సప్లై ఆపాక కూడా 1 మెగాఓమ్ ద్వారా ఆ 100 మైక్రోఫారడ్ ఖాళీ కావడానికి నిమిషాలు పడుతుంది. 10 కిలోఓమ్, 10 వాట్ల వైర్‌వౌండ్‌ను 5 సెకన్లు పట్టి, మీటర్‌తో చూశాకే టంకం పెట్టండి.