అప్‌డేట్: మా అక్క కొడుక్కి మూత్రంలో రక్తం, కారణం దొరికింది

ఆఫ్రికాలోని మలావి నుంచి సెలవులకు విజయవాడ వచ్చిన మా అక్క కొడుక్కి మూత్రం చివర్లో రక్తం పడుతోందని, యాంటీబయాటిక్స్‌కి తగ్గట్లేదని అడిగాను కదా. అక్కడ చెరువులో గానీ సరస్సులో గానీ దిగేవాడా అని మీలో ఒకరు అడిగారు, ఆ ప్రశ్నే దారి చూపించింది. వాడు మలావి సరస్సులో బాగా ఆడేవాడు.

ఆ మాట చెప్పగానే డాక్టర్‌గారు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 లోపు పట్టిన మూత్రం తెమ్మన్నారు, ఒక రకం పురుగు గుడ్లు మూత్రంలో ఎక్కువగా పడేది అప్పుడేనట. షిస్టోసోమా అనే ఆ పురుగే అని తేలింది. నీటి నత్తల్లోంచి బయటికొచ్చిన పిల్ల పురుగు చర్మంలోంచి దూరి, పెద్దదై మూత్రాశయం చుట్టూ ఉన్న రక్తనాళాల్లో చేరి గుడ్లు పెడుతుంది. అవి మూత్రాశయం గోడలో ఇరుక్కుని వాపు తెస్తాయి. ఏళ్ల తరబడి వదిలేస్తే గోడ గట్టిపడి, మూత్రనాళాలు మూసుకుపోయి కిడ్నీలు దెబ్బతింటాయి, పెద్దయ్యాక మూత్రాశయ క్యాన్సర్ ముప్పు కూడా ఉంది. ఇది విని అక్క ఎంత ఏడ్చిందో!

ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మందు ఇచ్చారు. పిల్లల్లో తొందరగా మందు పడితే గోడ చాలావరకు మామూలవుతుందట, వాడి కిడ్నీలు బాగానే ఉన్నాయి. లేత పురుగులు ఈ మందుకి చావవు కాబట్టి మళ్లీ టెస్ట్, స్కానింగ్ ఉన్నాయి. అంటుకుంటుందేమోనని మా అమ్మ టెన్షన్ పడింది గానీ, ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు. ఆఫ్రికా నుంచి వచ్చిన పిల్లలకి ఇలా అయితే, అక్కడ చెరువులో, సరస్సులో దిగిన సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.