ఆరో తరగతికి జడ్పీ బడా, మోడల్ స్కూలా, కస్తూర్బానా?

ప్రశ్న – ట్రాక్టర్ నాన్న

అందరికీ నమస్కారం. మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో నల్లమల అంచున ఉన్న చిన్న ఊరు. రెండెకరాల చేను, మిగతా రోజులు ట్రాక్టర్ తోలుతాను. మా పాపకు ఊరి ప్రైమరీలో ఐదో తరగతి అయిపోతోంది. గురుకులం పరీక్ష నాలుగులో ఉన్నప్పుడే రాసింది, సీటు రాలేదు. వట్టెం నవోదయ లిస్టులోనూ పేరు లేదు. ఇక మిగిలినవి మూడు.

పక్క ఊరి జడ్పీ హైస్కూలు మూడు కిలోమీటర్లు, సైకిల్ మీద పోవచ్చు. మోడల్ స్కూలు మండల కేంద్రం దాటాక ఉంది, బస్సెక్కాలి. పరీక్ష బాగానే రాసింది, సీటు వస్తుందని నమ్మకం. మూడోది కస్తూర్బా, ఆడపిల్లల సర్కారు బడి, అక్కడే ఉండి చదవాలి. పోయినేడు పదో తరగతిలో జడ్పీకి వంద శాతం వచ్చింది, మోడల్‌కు అంతకంటే తక్కువ. మరి జనమంతా మోడల్ అంటారెందుకు? మా అమ్మ ఆడపిల్లను బస్సెక్కించొద్దంటుంది. మా ఆవిడ హాస్టల్ మాటెత్తితే ఏడుస్తుంది. ప్రైవేటు బడి వ్యాను ఇంటి ముందుకే వస్తుంది గానీ ఆ ఫీజు నా వల్ల కాదు.

జవాబు – లెక్కల సారు (రిటైర్డ్)

తమ్ముడూ, నేను ముప్పై ఏళ్లకు పైగా జడ్పీ హైస్కూళ్లలోనే లెక్కలు చెప్పాను. నా మాటలో కొంచెం జడ్పీ పక్షపాతం ఉంటుంది, అది తీసేసి చదువుకో.

ముందు ఆ శాతాలు పక్కన పెట్టు. పద్దెనిమిది మంది రాసే బడిలో ఒక్కరు తప్పితే 94 శాతం. తొంభై మంది రాసే బడిలో ఐదుగురు తప్పినా అదే 94. పైగా మోడల్ స్కూలు పరీక్ష పెట్టి పిల్లల్ని ఏరుకుంటుంది. జడ్పీ బడి గేటు దాకా వచ్చిన ఎవరినీ కాదనదు, మధ్యలో బడి మానేసి పత్తి ఏరడానికి పోయి వచ్చిన పిల్లవాణ్ని కూడా. ఈ రెంటినీ ఒకే తక్కెట్లో తూచడం పేపరు వాళ్లకు బాగుంటుంది, నీకు పనికిరాదు.

నువ్వు చూడాల్సింది సబ్జెక్టు టీచర్లను. లెక్కలు, ఫిజికల్ సైన్సు, బయాలజీ, ఇంగ్లిష్, ఒక్కో పోస్టులో మనిషి ఉన్నాడా? రిజిస్టర్లో పేరుండి, మనిషి డెప్యుటేషన్ మీద ఇంకో బడిలో ఉంటే ఆ పోస్టు ఖాళీ కిందే లెక్క. 2024లో 11,062 పోస్టుల డీఎస్సీ అయింది, ప్రమోషన్లు, బదిలీలు కూడా ఆ ఏడాదే జరిగాయి. చాలా బడుల్లో మనుషులే మారిపోయారు. అందుకే పాత పేరు చూసి ఏ బడినీ నమ్మొద్దు, తీసెయ్యనూ వద్దు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పో. పొద్దున ప్రార్థనకు అందరూ కనబడతారు. ఎనిమిదో తరగతి పిల్లల లెక్కల నోటుబుక్కు ఒకటి అడిగి తిరగెయ్యి. ఎక్కడిదాకా వచ్చారో, దిద్దిన గుర్తులు ఉన్నాయో లేదో చూస్తే చాలు. ఇంకోటి అడుగు: ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ ఎంతమందికి వచ్చింది? ఎనిమిదో తరగతిలో రాసే పరీక్ష అది. వస్తే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. ఇంటి నుంచి వెళ్లి చదివే ప్రభుత్వ, ఎయిడెడ్ బడి పిల్లలకే, రెసిడెన్షియల్ వాళ్లకు ఉండదు. ఈ పరీక్షకు పిల్లల్ని కూర్చోబెట్టి చదివించే సారు ఉన్నాడంటే ఆ బడిలో ఒక్కడైనా పనిచేస్తున్నట్టు. బాసర ట్రిపుల్ ఐటీ సీట్లకు కూడా నాన్ రెసిడెన్షియల్ ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు స్కోరు కలుపుతూ వచ్చారు. అప్పటి నోటిఫికేషన్ చూసుకోవాలనుకో.

జవాబు – నర్సమ్మ

అన్నా, నేను ఆరు నుంచి పది దాకా కస్తూర్బాలో చదివాను. ఇప్పుడు స్టాఫ్ నర్సుని. వదిన ఏడుపు నాకు తెలుసు, మా అమ్మ కూడా అంతే. మొదటి నెల కష్టం, తర్వాత ఇంటికి రమ్మంటే నేనే విసుక్కునేదాన్ని. అయితే మా హాస్టల్లో ఎండాకాలం నీళ్లకు తన్నుకునేవాళ్లం, అది కూడా చెప్పాలి కదా. అక్కడ టీచర్లు చాలావరకు కాంట్రాక్టు వాళ్లు. 2024 డిసెంబరులో సమగ్ర శిక్ష (కస్తూర్బాలు నడిచే సర్కారు పథకం) వాళ్లు సమ్మెకు దిగితే కస్తూర్బాల్లో పాఠాలు దెబ్బతిన్నాయి. ఇంకో సంగతి, అనాథలకు, తల్లో తండ్రో లేని పిల్లలకు, బడి మానేసిన వాళ్లకు ముందు సీటు ఇస్తారు. మీ పాపకు అమ్మానాన్న ఇద్దరూ ఉన్నారు, సీటు మిగిలితేనే. నిజం చెప్పాలంటే ఆ సీటు మీకంటే అవసరమైన వాళ్లు మీ ఊళ్లోనే ఉంటారు.

జవాబు – స్టేజీ దగ్గర అమ్మ

మా పెద్దది మోడల్ స్కూల్లో తొమ్మిది. చదువు బాగుంది, అదే ఆవరణలో ఇంటర్ కూడా ఉంది, పది అయ్యాక కాలేజీ కోసం వెతుక్కునే టెన్షన్ లేదు. బాధంతా బస్సుతోనే. మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడవాళ్లకు టికెట్ లేదు, సంతోషమే, కానీ సంత రోజు బస్సు నిండిపోయి మా స్టేజీలో ఆగదు. పదిలో స్పెషల్ క్లాసులు పెడితే చలికాలం ఇంటికి వచ్చేసరికి చీకటి. చాలా మోడల్ స్కూళ్ల పక్కన ఆడపిల్లల హాస్టల్ ఉంది గానీ అది తొమ్మిది నుంచే. మీ స్టేజీ నుంచి ఇంకా ఎవరి పిల్లలు పోతున్నారో కనుక్కో అన్నా. నలుగురుంటే భయం లేదు, ఒక్కతే అయితే నేను పంపను.

ట్రాక్టర్ నాన్న

అందరికీ థ్యాంక్స్. సారూ, మీరు చెప్పినట్టే భోజనాల తర్వాత జడ్పీకి పోయొచ్చాను. హిందీ పోస్టు ఖాళీ. లెక్కలకు డీఎస్సీలో వచ్చిన అమ్మాయి ఉంది, నోటుబుక్కుల నిండా దిద్దుళ్లే. ఎనిమిదిలో పద్నాలుగు మందే ఉన్నారు. మా స్టేజీ నుంచి మోడల్‌కు ఇద్దరు పోతున్నారు, ఇద్దరూ మగపిల్లలు. ఇప్పుడు మోడల్ సీటు వదులుకుంటే ఏడులో మళ్లీ రాయొచ్చా?

లెక్కల సారు (రిటైర్డ్)

రాయొచ్చు. ఏడు నుంచి పది దాకా ఖాళీలుంటే వాటికీ పరీక్ష పెడతారు. గురుకులాల్లోనూ ఆరు నుంచి తొమ్మిది దాకా మిగిలిన సీట్లకు వేరే పరీక్ష ఉంది, దాన్నీ వదలొద్దు. ఐదో తరగతి టీసీ తీసుకునేటప్పుడు పాప పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో అక్కడే నిలబడి చూసుకో. తర్వాత తిరగాల్సి వస్తుంది.