డాలీ మెసెంజర్‌ను ఏ ఆట ఖాతాల వెయ్యాలె?

మిర్యాలగూడ_పాఠకుడు:
లైబ్రరీ గోడపత్రికకు పాత ఆస్ట్రేలియా రగ్బీ యూనియన్ ఆటగాళ్ల మీద ఒక పేజీ రాస్తున్న. డాలీ మెసెంజర్ (హెర్బర్ట్ హెన్రీ, పుట్టుక 1883, సిడ్నీ) దగ్గర ఆగిపోయిన. ఒక దగ్గర యూనియన్, ఇంకో దగ్గర లీగ్, మూడో దగ్గర న్యూజిలాండ్ జట్టు అని ఉంది. పాయింట్ల లెక్కలు గూడ కలుస్తలేవు. జర చెప్పున్రి.

పాలమూరు_ఫుల్‌బ్యాక్:
మూడూ నిజమే. యూనియన్, లీగ్ అంటే రగ్బీల రెండు వేరే తీర్ల ఆటలు; అప్పట్ల యూనియన్‌ల పైసలకు ఆడొద్దు. యూనియన్‌ల ఆస్ట్రేలియాకు ఆడింది రెండే టెస్టులు, 1907ల, న్యూజిలాండ్ మీద. అదే ఏడు ఆగస్టు 8న సిడ్నీల లీగ్ సంఘం పుట్టింది. దానికి మూలం అలెక్ బర్డన్ అనే యూనియన్ ఆటగాడి గాయం: పని పోయి ఇంట్ల కూసున్నా యూనియన్ పరిహారం ఇయ్యలే. ముందుబడి నడిపినోళ్లల్ల జేమ్స్ గిల్టినన్‌తో పాటు క్రికెటర్ విక్టర్ ట్రంపర్ గూడ ఉన్నడు. మెసెంజర్ వస్తెనే జనం వస్తరని ఆయన తల్లిని అడిగి ఒప్పిచ్చిన్రు.

ఆగస్టు 17న ఆయన న్యూ సౌత్ వేల్స్ తరఫున, న్యూజిలాండ్ నుంచి వచ్చిన ప్రొఫెషనల్ జట్టు మీద ఆడిండు. పైసలకు ఆడుతున్నరని పత్రికలు ఆ జట్టుకు ఎగతాళిగ ‘ఆల్ గోల్డ్స్’ అని పేరు పెట్టినయి. అసలు తమాషా ఏందంటే, ఆ మ్యాచ్ ఆడింది యూనియన్ రూల్స్‌తోనే. అంటే యూనియన్ ఆయనను జీవితకాలం వెలేసింది ఆట మార్చినందుకు గాదు, పైసలు ముట్టినందుకు. మీ పేజీల ఈ ఒక్క ముక్క తప్పకుంట ఉండాలె.

తర్వాత అదే ఆల్ గోల్డ్స్‌తో బ్రిటన్ పోయిండు. ఆ జట్టుల ఆస్ట్రేలియావాడు ఆయన ఒక్కడే. న్యూజిలాండ్ పేరు వచ్చింది గందుకే.

కృష్ణ_ఒడ్డు:
పాయింట్ల సంగతి. అప్పట్ల ట్రైకి (బంతిని ఎదుటోళ్ల గీత అవతల నేలకు ఆనిచ్చుడు) రెండు ఆటలల్ల 3, కన్వర్షన్‌కు (ట్రై తర్వాత గోల్‌కు కొట్టే కిక్కు) 2. తేడా పెనాల్టీ (ఎదుటోళ్ల తప్పుకు దొరికే కిక్కు), డ్రాప్ గోల్ (ఆట నడుస్తుండంగనే బంతిని నేలకు వదిలి కొట్టే గోల్) దగ్గర: యూనియన్‌ల పెనాల్టీకి 3, డ్రాప్ గోల్‌కు 4, లీగ్‌ల ఏ గోల్‌కైనా 2. మూడు ట్రైలు, రెండు కన్వర్షన్లు, ఒక పెనాల్టీ అనుకోన్రి: యూనియన్‌ల 16, లీగ్‌ల 15. మెసెంజర్ పేరే కిక్కుల మీద నిలిచింది గాబట్టి ఆయన లెక్క ఇక్కడనే ఎక్కువ తప్పుతది. ఇయ్యాల్టి ట్రై విలువ (యూనియన్ 5, లీగ్ 4) పెట్టి గుణిస్తే శేర్లను కిలోలని రాసినట్టే.

పాలమూరు_ఫుల్‌బ్యాక్:
అవును. మొత్తం అని ఒక్క అంకె వెయ్యకున్రి. ఏడు, జెర్సీ, రూల్స్ పక్కపక్కన మూడు గడులు గీస్తే గొడవ ఉండదు. 1908-09ల కంగారూల (ఆస్ట్రేలియా లీగ్ జట్టు) తొలి బ్రిటన్ యాత్ర లీగ్ గడిల. 1911, 1912, 1913ల ఆయన సిడ్నీ క్లబ్ ఈస్టర్న్ సబర్బ్స్ వరుస టైటిళ్లు గూడ అండ్లనే. అదే క్లబ్ పేరుతో యూనియన్ జట్టు వేరే ఉంది, జాగ్రత్త. 1913తో ఆట బంద్ జేసిండు, 1959ల పోయిండు.

మిర్యాలగూడ_పాఠకుడు:
మరి శీర్షికల యూనియన్ ఆటగాడు అనొచ్చునా?

కృష్ణ_ఒడ్డు:
1907 దాక అనొచ్చు. ఏడు మాత్రం పక్కనే రాయున్రి.