అప్‌డేట్: లిస్ప్ మాక్రోలో బస్తాల తూకాలు మాయమవడం – కారణం దొరికింది

ఫైల్లోని కొన్ని బస్తాల తూకాలు లెక్కలోంచి ఎందుకు మాయమవుతున్నాయని పర్లాకిమిడి నుంచి మొన్న అడిగింది నేనే. మా మిల్లులో హమాలీ కూలికి బస్తా ఎంత తేలికైనా కనీసం 50 కిలోలుగా కడతాం. అందుకు కామన్ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో డెఫ్‌మాక్రోతో 'ఎక్కువది' అనే మాక్రో (రాసిన కోడ్‌ని నడిచేముందే వేరే కోడ్‌గా మార్చేది) రాసుకున్నాను. ఫైల్లోంచి చదివిన తూకం, 50 – ఈ రెండింట్లో పెద్దది అది ఇవ్వాలి. 50కి తగ్గకూడని చోట 48 వచ్చేది, మధ్యమధ్యలో బస్తాలు మాయమయ్యేవి.

మాక్రో ఏ కోడ్‌గా మారుతుందో చూపించే మాక్రోఎక్స్‌పాండ్-1 వేసి చూడమన్న అన్నకు చాలా థాంక్స్. విప్పి చూస్తే, ఫైల్లోంచి తూకం చదివే రీడ్ రెండుచోట్ల ఉంది! పోల్చడానికి 62 చదివింది, ఫలితం ఇవ్వడానికి ఫైల్లోంచి తర్వాతి 48ని చదివి అదే ఇచ్చింది. మాక్రోకి చేరేది విలువ కాదు, మనం రాసిన కోడే. దాన్ని రెండుచోట్ల పెడితే రెండుసార్లు నడుస్తుంది.

జెన్‌సిమ్‌తో ఇంకెక్కడా లేని కొత్త పేరు పుట్టించి, లెట్‌తో ఆ పేరు కింద విలువను ఒక్కసారే పట్టుకున్నాను. కుదిరింది. తర్వాత ఇంకో అక్క చెప్పినట్టు మాక్రోనే తీసేసి, లిస్ప్‌లో ఎప్పట్నుంచో ఉన్న, పెద్దది ఇచ్చే మాక్స్ ఫంక్షన్ పెట్టాను. ఫంక్షన్‌కైతే ఆర్గ్యుమెంట్ (దానికి మనం ఇచ్చేది) ముందే ఒకసారి లెక్కయి వెళ్తుంది. ఇక్కడ మాక్రో అవసరమే లేదు.

మొన్న మాటల్లో వచ్చిన, ఎస్‌బీసీఎల్ (లిస్ప్ కోడ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) మళ్లీ ఇన్‌స్టాల్ చేయడానికీ, ఫైల్లో ఖాళీ లైన్లు తీసేయడానికీ దీనితో సంబంధం లేదు. నిన్న రాత్రి నాన్న పుస్తకంతో ఒక్కో బస్తా సరిచూశాం, అన్నీ కలిశాయి.