అద్దానికి అతుక్కుపోయిన పైలట్ సంతకం

1940 నాటి బ్రిటన్ గగనతల యుద్ధంలో పోరాడిన ముగ్గురు పైలట్లు పెన్సిల్‌తో సంతకాలు చేసిన స్పిట్‌ఫైర్ (నాటి బ్రిటిష్ యుద్ధ విమానం) బొమ్మ ప్రింటు నా దగ్గర ఉంది. దాన్ని మధ్యలో అట్ట పెట్టకుండా నేరుగా అద్దానికి ఆనించి ఫ్రేము కట్టారు (కట్టిన మహానుభావుణ్ణి ఏమనాలో!). తేమ చేరి కింది కుడి మూల సుమారు 3 సెంటీమీటర్ల మేర అతుక్కుపోయింది. సరిగ్గా అక్కడే ఒక సంతకం ఉంది. భూతద్దంతో చూస్తే అచ్చు చుక్కలు కనిపించలేదు, కాబట్టి చేతితో పెట్టినదే అనుకుంటున్నాను.

ఫ్రేము విప్పి రెండు వారాలు పొడి గదిలో ఉంచాను, మార్పు లేదు. పలుచని ప్లాస్టిక్ రేకు దూర్చి చూస్తే అంచున కాగితం పొర లేచింది. వెంటనే ఆపేశాను. రంగులు పాడవుతాయన్న భయంతో నీళ్లు, ఆవిరి మాత్రం తగలనివ్వలేదు.

సంతకం చెదరకుండా ఈ మూలను అద్దం నుంచి ఎలా విడదీయాలి?