టెక్సస్‌లో పదకొండో తరగతికి 1900–1929 అమెరికా చరిత్ర: పాటలతో, ఆటతో ఎలా చెప్పాలి?

కొత్త టీచర్, ఇర్వింగ్:
అందరికీ నమస్కారం. జె-1 వీసా మీద ఈ ఏడే వచ్చాను. గుంటూరు దగ్గర హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. ఇక్కడ పదకొండో తరగతికి 1877 తర్వాతి అమెరికా చరిత్ర ఇచ్చారు. 1900–1929 భాగాన్ని సంగీతం, డ్యాన్సు, చిన్న ప్రదర్శనలతో చెప్పమన్నారు. ఆరు పీరియడ్లు, ఒక్కోటి 50 నిమిషాలు, 28 మంది పిల్లలు. ఈ సంగీతం నాకు బొత్తిగా తెలియదు. ఏ పాటలు వినిపించాలి? కాపీరైట్ గొడవ ఉంటుందా? డ్యాన్సు చేయించొచ్చా? మార్కులెలా వెయ్యాలి?

పాత చాక్‌పీసు, ప్లేనో:
అమ్మా, ముందు పాటలు తగ్గించుకోండి. ఆరు పీరియడ్లకు ఐదారు రికార్డులు చాలు. పదిహేను వినిపిస్తే ఒక్కటీ గుర్తుండదు. టిన్ పాన్ ఆలీ (న్యూయార్క్ పాటల ప్రచురణ వ్యాపారం), హార్లెం రెనసాన్స్ (1920ల నల్లజాతి కళా, సాహిత్య ఉద్యమం) రెండూ టెక్స్ (టెక్సస్ రాష్ట్ర పాఠ్య) ప్రమాణాల్లో పేరుతో సహా ఉన్నాయి కాబట్టి ఇదంతా సిలబస్‌లోని పనే. ఎవరైనా అడిగితే ఆ మాట చెప్పండి.

అన్నిటికన్నా బాగా పనిచేసేది ఒక జంట. 1915లో వచ్చిన "ఐ డిడింట్ రైజ్ మై బాయ్ టు బి ఎ సోల్జర్", 1917లో జార్జ్ ఎం. కోహన్ రాసిన "ఓవర్ దేర్". మొదటిదాంట్లో తల్లి తన కొడుకును యుద్ధానికి పంపనంటుంది. రెండోదాంట్లో కుర్రాడు తుపాకీ పట్టుకుని బయల్దేరతాడు. రెండూ జనం ఎగబడి కొన్నవే. మధ్యలో గడిచింది రెండేళ్లు. మొదటిదానికి పీర్‌లెస్ క్వార్టెట్ రికార్డు, రెండోదానికి నోరా బేస్ రికార్డు తీసుకోండి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి నేషనల్ జూక్‌బాక్స్ సైట్‌లో ముందు వెతకండి.

ఒక్కో పాటా మూడుసార్లు వినాలి. మొదటిసారి కాగితం లేకుండా, వేగం, వాయిద్యాలు, గొంతు మాత్రమే గమనిస్తూ. రెండోసారి సాహిత్యం చేతిలో పెట్టి. మూడోసారి ఒకే ప్రశ్న మీద: "ఈ పాట ఎవరిని ఒప్పించాలని చూస్తోంది?" పది అంగుళాల రికార్డు ఒక వైపు సుమారు మూడు నిమిషాలే కాబట్టి మూడుసార్లకూ పది నిమిషాలు సరిపోతాయి. సాహిత్యం మొదటే ఇస్తే పిల్లలు చదువుతారు, వినరు.

తొలి ముప్ఫై సెకన్లలో నవ్వులు ఖాయం. అది వెక్కిరింత కాదు, ఆ ధ్వని వాళ్ల చెవికి కొత్త. 1925కి ముందు మైక్రోఫోన్‌తో రికార్డింగ్ లేదు. పెద్ద గరాటు ముందు నిలబడి గట్టిగా పాడితే ఆ కదలికే సూదిని ఊపి మైనం మీద గీత గీసేది. పెద్ద డ్రమ్ము, తీగల బేస్ సరిగ్గా పడేవి కావు, అందుకే చెక్కముక్కలు, ట్యూబా వాడేవారు. పాట పెట్టకముందే ఈ రెండు ముక్కలు చెప్పేస్తే నవ్వు తగ్గుతుంది. మన పాత నాటక పద్యాల రికార్డులు విన్నవాళ్లకు ఆ గొంతులు అలా ఎందుకుంటాయో ఇట్టే తెలుస్తుంది.

రెండేళ్లలో అభిప్రాయం ఎలా మారింది అన్న ప్రశ్నకు జవాబు పాటల్లో దొరకదు. జింబర్‌మన్ టెలిగ్రాం (అమెరికా మీద యుద్ధానికి మెక్సికోను కలుపుకోవాలని జర్మనీ పంపిన రహస్య సందేశం), 1917 ఏప్రిల్ 6న యుద్ధ ప్రకటన, జూన్‌లో గూఢచర్య చట్టం, 1918లో యుద్ధాన్ని విమర్శిస్తూ మాట్లాడినందుకు సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్‌కు పదేళ్ల శిక్ష. ఇవి బోర్డు మీద ఉండాల్సిందే. లేకపోతే "జనం మనసు మార్చుకున్నారు" అని రాసి ఊరుకుంటారు.

ప్రదర్శనకు నా ఓటు "ఫోర్ మినిట్ మెన్"కి. సినిమా హాల్లో రీలు మార్చే నాలుగు నిమిషాల్లో లేచి యుద్ధం తరఫున ప్రసంగించిన స్వచ్ఛంద వక్తలు, దేశం మొత్తమ్మీద సుమారు 75,000 మంది. ఒక్కొక్కరితో మాట్లాడిస్తే 112 నిమిషాలు పడుతుంది. నలుగురికో జట్టు చెయ్యండి: ఏడు జట్లు, ఏడు ప్రసంగాలు, 28 నిమిషాలు. ఒక్కో ప్రసంగం 450–500 మాటలు. లిబర్టీ బాండ్లు (యుద్ధ ఖర్చుకు జనం దగ్గర ప్రభుత్వం తీసుకున్న అప్పు పత్రాలు), ఆహార పొదుపు, సైన్యంలో చేరిక లాంటి విషయాలు పంచండి. ప్రతి జట్టులో ఒకరి పని, ఆ ప్రసంగం ఏం దాచిందో చివర్లో చెప్పడం. ఆ ఒక్క పని తీసేస్తే మిగిలేది ప్రచారమే.

తాళం మాస్టారు, ఫ్రిస్కో:
పైన చాక్‌పీసు గారు చెప్పినదంతా సరే గానీ, జాజ్‌కు ముందొచ్చిన పియానో సంగీతం ర్యాగ్‌టైమ్‌ను వదిలేశారు. స్కాట్ జోప్లిన్ "మేపుల్ లీఫ్ ర్యాగ్" (1899)తో మొదలుపెట్టకపోతే జాజ్ ఆకాశం నుంచి ఊడిపడినట్టుంటుంది.

వినిపించి వదిలేయకండి, చేతులతో చేయించండి. పియానో మీద ఎడమచెయ్యి కవాతులా నడుస్తుంది, కుడిచెయ్యి దాన్ని తప్పించుకుంటుంది. ఎనిమిది సమాన అక్షరాలు అనుకోండి: త క ధి మి త క ఝ ణు. కాలు 1, 5 మీద నేలకు. చప్పట్లు 1, 2, 4, 5, 7 మీద, అంటే త, క, మి, త, ఝ. పిల్లలకు అంకెలే చెప్పండి, అక్షరాలు మీ సాధనకు. కాలు నిమిషానికి 70 దెబ్బల దగ్గర మొదలుపెట్టండి. ముందు కాలు మాత్రమే, తర్వాత చప్పట్లు మాత్రమే, తర్వాత సగం క్లాసు కాలు, సగం చప్పట్లు. రెండూ ఒకేసారి చెయ్యమంటే 4 మీది చప్పట్టుకు కాలు కూడా లేస్తుంది, అంతా కూలుతుంది. ర్యాగ్‌టైమ్‌ను వేగంగా వాయించొద్దని జోప్లిన్ తన నోట్ల మీదే అచ్చు వేయించాడు. యూట్యూబ్‌లో చాలామంది పరుగెత్తిస్తారు, వాటిని వదిలేయండి.

డ్యాన్సుకి చార్ల్‌స్టన్ చాలు. జంట అవసరం లేదు, ఎవరినీ ముట్టుకోనక్కర్లేదు, సగం గొడవ అక్కడే తీరిపోతుంది. కుడికాలు ముందుకు అడుగు. ఎడమకాలు ముందుకు విదిలించు. అదే ఎడమకాలు వెనక్కి అడుగు. కుడికాలి మునివేళ్లు వెనక తాకించు. ఈ నాలుగూ సంగీతం లేకుండా పదిసార్లు, తర్వాత నెమ్మది చప్పట్లకు, చివరికి పాటకు. మడమలు లోపలికీ బయటికీ తిప్పే భాగం కార్పెట్ మీద వద్దు: బూటు అతుక్కుపోయి మోకాలు మెలిపడుతుంది. క్రాక్స్ వేసుకొచ్చినవాళ్లు చప్పట్ల జట్టులోకి. బల్లలు గోడకు జరపడానికీ మళ్లీ సర్దడానికీ పది నిమిషాలు తీసిపెట్టుకోండి.

డ్యాన్సు అయిపోగానే చెప్పాల్సింది: ఈ పాట జేమ్స్ పి. జాన్సన్, సెసిల్ మాక్ 1923లో బ్రాడ్‌వేలో నల్లజాతి కళాకారులు ఆడిన "రన్నిన్ వైల్డ్"కు కట్టింది. అడుగులు దక్షిణ కెరొలైనా తీరపు నల్లజాతి జనం దగ్గర్నుంచి వచ్చాయి. పొట్టి గౌను ఫ్లాపర్ (1920ల ఫ్యాషన్ అమ్మాయి) బొమ్మ ఒక్కటే చూపిస్తే ఇదంతా మాయమవుతుంది.

దీనికి ముందు మెట్టు వెర్నన్, ఐరీన్ కాసిల్ అనే డ్యాన్సు దంపతులు. 1914లో వాళ్లు అచ్చేసిన డ్యాన్సు పుస్తకంలో భుజాలు ఊపొద్దు, నడుం కదపొద్దు అని నిషేధాల పట్టికే ఉంది. టర్కీ ట్రాట్ లాంటి "జంతు" డ్యాన్సులను పెద్దింటి హాళ్లకు తగ్గట్టు దిద్దిన పని అది. వాళ్ల బ్యాండ్ నాయకుడు జేమ్స్ రీస్ యూరప్ (యూరప్ అన్నది ఇంటిపేరు) నల్లజాతి సంగీతకారుడు.

కాటీ నుంచి:
ఆ జేమ్స్ రీస్ యూరప్‌నే పట్టుకోమ్మా. 1919 అంతా ఆయన చుట్టూ చెప్పొచ్చు. నల్లజాతి సైనికుల 369వ పదాతిదళం బ్యాండు ఆయనది. ఆ దళాన్ని అమెరికా సైన్యం ఫ్రెంచివాళ్ల కింద పెట్టింది. 1919 ఫిబ్రవరి 17న న్యూయార్క్ ఫిఫ్త్ ఎవెన్యూలో ఊరేగింపు. ఆ వసంతంలోనే పాతే కంపెనీకి "హౌ యా గొన్నా కీప్ 'ఎమ్ డౌన్ ఆన్ ద ఫార్మ్" రికార్డు చేశారు. మే 9న బోస్టన్‌లో ఆయన హత్య. జూలై 27న చికాగోలో జాతి అల్లర్లు. పారిస్ చూసొచ్చినవాడు పొలంలో ఎందుకుంటాడు అన్న తమాషా పాటను నల్లజాతి సైనికులు పాడితే అర్థం ఎలా మారుతుంది? పీరియడ్ మొత్తం ఈ ప్రశ్న మీదే నడుస్తుంది. దాన్నుంచి గ్రేట్ మైగ్రేషన్‌కు (నల్లజాతి జనం దక్షిణాది నుంచి ఉత్తరాది నగరాలకు వలస), 1920 ఆగస్టులో మేమీ స్మిత్ పాడిన "క్రేజీ బ్లూస్"కు నేరుగా వెళ్లిపోవచ్చు. నల్లజాతి కొనుగోలుదార్ల బజారు ఎంత పెద్దదో రికార్డు కంపెనీలకు ఆ పాటతోనే తెలిసింది.

ఓరుగల్లు బిడ్డ, ఆస్టిన్:
అక్కా, ఒక్క మాట. క్లాసుల పిల్లల ముంగట పాటలు వెతకకు. ఆ కాలం పాటల అట్టల మీద నల్లోళ్ల మీద ఘోరమైన బొమ్మలుంటయి, పేర్లల్లనే తిట్లుంటయి. ముందే విని, చూసి, లింకు తెరిచి పెట్టుకో. మొహానికి నల్లరంగు పూసుకునే మిన్‌స్ట్రెల్ వేషాల గురించి చెప్పాలె, వేయించొద్దు. కేక్‌వాక్ కూడ ఆడించకు: బానిసలు దొరల నడకను ఎక్కిరించిన ఆట మిన్‌స్ట్రెల్ స్టేజి మీద వాళ్లనే ఎక్కిరించే ఆటైంది. బొమ్మ చూపి చెప్తె చాలు. యాసల రాసిన సాహిత్యం ఏ పిల్లగానితోని పైకి చదివించకు.

మతం వల్ల డ్యాన్సు మేం చెయ్యం అనేటోళ్లుంటరు. ఇంటికి చీటీ వారం ముందే పంపు. చెయ్యనోళ్లకు వేరే పని ఇయ్యి, శిక్ష లెక్క ఉండొద్దు.

పాత చాక్‌పీసు, ప్లేనో:
కాపీరైట్ సంగతి మిగిలిపోయింది. 1923కి ముందు వెలువడిన రికార్డులు 2022 జనవరి 1 నుంచి అందరివీ. 1923 నుంచి 1946 దాకా వచ్చినవి నూరేళ్లు నిండాక, ఏటా జనవరిలో ఒక్కో సంవత్సరానివి విడుదలవుతాయి. 1929 దాకా అచ్చయిన పాటల సాహిత్యం, స్వరాలు కూడా స్వేచ్ఛే. చిక్కంతా పాత పాటకు ఈమధ్య చేసిన రికార్డుతోనే: పాట అందరిదైనా ఆ రికార్డు కాదు. ప్రభుత్వ బడిలో, తరగతి గదిలో, పాఠంలో భాగంగా వినిపించడానికి చట్టంలో మినహాయింపు ఉంది. వీడియో తీసి బడి వెబ్‌సైట్‌లో పెడితే అది వర్తించదు. పిల్లల మొహాలకు తల్లిదండ్రుల అనుమతీ కావాలి.

మార్కులు 20కి: సంఘటనను సరైన తేదీ, కారణంతో నిలబెట్టినందుకు 6, పాటలోంచో పత్రంలోంచో రెండు ఆధారాలకు 8, ప్రదర్శనలో తీసుకున్న నిర్ణయాన్ని సమర్థించినందుకు 6. అడుగులు బాగా వేసినందుకు సున్నా. స్టార్ పరీక్ష (టెక్సస్ రాష్ట్ర పరీక్ష) అడిగేది కారణాలూ ఫలితాలూ, కాబట్టి ప్రతి పీరియడ్ చివర ఐదు నిమిషాలు మూడు వాక్యాలు రాయించండి. ఐఈపీ, 504 (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బడి రాసిచ్చే సదుపాయాల ప్రణాళికలు) ఉన్న పిల్లల పత్రాలు ముందే చూసుకోండి. హోరు పడనివాళ్లుంటారు, వినికిడి లోపం ఉన్నవాళ్లు బల్ల మీద చెయ్యి పెట్టి తాళం పట్టగలరు.

కొత్త టీచర్, ఇర్వింగ్:
చాలా థాంక్సండీ అందరికీ. ఆరో పీరియడ్‌కి డ్యాన్సు లేకుండా ఏమైనా ఉందా? మా గదిలో కార్పెటే.

కాటీ నుంచి:
నిశ్చల దృశ్యాలు పెట్టమ్మా. 1913 మార్చి 3న వాషింగ్టన్‌లో మహిళల ఓటు హక్కు ఊరేగింపు, ట్రెజరీ భవనం మెట్ల మీద కట్టిన దృశ్యాలు. లేదా అదే ఏడు జూన్ 7న పాటర్సన్ పట్టు మిల్లుల సమ్మె కార్మికులు వెయ్యిమందికి పైగా మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో తమ సమ్మెను తామే ఆడి చూపించినది. ఐదారుగురికో దృశ్యం, ఇరవై సెకన్లు కదలకుండా, ఒకరు తేదీతో పాటు ఆనాటి పత్రంలోంచి ఒక వాక్యం చదవాలి. ఊరేగింపు ఎంచుకుంటే నల్లజాతి మహిళలను వెనక నడవమన్నారనీ, నల్లజాతి పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ వినకుండా ఇల్లినాయి జట్టులో కలిసి నడిచారనీ ఒక దృశ్యం ఉండాలి. పాటర్సన్ అయితే ఆ ప్రదర్శనకు డబ్బు మిగల్లేదనీ, కొన్ని వారాల్లో సమ్మె కూడా ఓడిపోయిందనీ చెప్పాలి. స్పీకరు సంగతి కూడా: లాప్‌టాప్ స్పీకరు మీద పాత రికార్డు గీరినట్టు వినిపిస్తుంది. బయటి స్పీకరు పెట్టి ట్రెబుల్ సగానికి తగ్గించండి.