కాఫీ గింజలు ఫ్రీజర్‌లో పెట్టడం తెలివా, తప్పా?

వాల్తేరు గాలి:
అరకు అరబికా గింజలు కిలో ఒకేసారి కొంటే పావుకిలో ప్యాకెట్ల కన్నా చవగ్గా పడుతోంది. ఇంట్లో రోజుకు 25 గ్రాములు, అంటే కిలో 40 రోజులొస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టమని కొందరు, వద్దే వద్దని కొందరు. విశాఖ ఉక్కలో ఏది నయం?

చిక్కటి చుక్క:
ఫ్రిజ్ మాట వదిలేయండి. ఖాళీ స్టీలు గ్లాసు గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి బయట పెట్టి చూడండి. రెండు నిమిషాల్లో చెమటలు కారుతుంది. చల్లటి సీసా మూత తీసినప్పుడు గింజలకూ అదే గతి. రోజుకు రెండుసార్లు తీస్తే 40 రోజుల్లో 80 సార్లు. పైగా పక్కనే పులిసిన దోసెల పిండి, తరిగిన ఉల్లిపాయ. వేయించిన గింజ నిండా సన్నటి రంధ్రాలే, ఏ వాసనైనా పట్టేస్తుంది.

పావుకిలో చొప్పున పదిరోజులకోసారి తెచ్చుకోండి. ఎప్పటిలోగా వాడాలన్న తేదీ కాదు, ఎప్పుడు వేయించారో చూడండి. ఆ తేదీ లేని ప్యాకెట్ ఎంత చవకైనా దండగే.

గింజల గోనె:
చుక్క గారూ, ఫ్రిజ్ గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ అడిగింది ఫ్రీజర్ గురించి కూడా. మైనస్ 18 డిగ్రీల దగ్గర గింజ పాతబడటం చాలా నెమ్మదిస్తుంది. చెడేది చలికి కాదు, తీస్తూ పెడుతూ ఉండటానికి.

కిలో వచ్చాక సగం బయటే ఉంచండి, 20 రోజులకు సరిపోతుంది. వేయించి నాలుగైదు రోజులు కాకపోతే కాఫీ పెట్టకుండా ఆగండి. లోపలి గ్యాస్ ఇంకా పోతూ ఉంటుంది, ఫిల్టర్‌లో పొడి బుసబుసా పొంగి డికాషన్ సరిగా దిగదు. మిగతా అరకిలో 125 గ్రాముల చొప్పున నాలుగు జిప్ కవర్లలో పోసి, గాలంతా నొక్కి తీసి, ఒక్కోదానికి రెండో కవరు తొడిగి ఫ్రీజర్‌లో పెట్టండి. ఒక్కో కవరు అయిదు రోజులు. రాత్రి ఒకటి బయట పెట్టి తెల్లారాక విప్పండి. చల్లదనం పూర్తిగా పోయేదాకా విప్పొద్దు. చెమట కవరు మీద పట్టాలి, గింజల మీద కాదు.

ఇత్తడి ఫిల్టర్:
ఇంత హడావుడి ఎవరికోసం? ముప్పాతిక గ్లాసు పాలు, రెండు చెంచాల పంచదార పడ్డాక ఫ్రీజర్ గింజ ఏదో, బయటి గింజ ఏదో చెప్పగలవారు ఎందరు? కాఫీ చెడగొట్టేది మిక్సీ. ఆపకుండా తిప్పితే సగం పిండి, సగం రవ్వ. పిండి జల్లెడ రంధ్రాల్లో కూరుకుపోతుంది, రవ్వలోంచి నీళ్లు ఊరికే జారిపోతాయి. అయిదు సెకన్లు తిప్పి, ఆపి, గిన్నె కుదిపి, మళ్లీ తిప్పండి. సన్నటి బొంబాయి రవ్వ కన్నా ఒక పిసరు మెత్తగా వస్తే చాలు.

ఇంకోటి. పీబరీ అని ఎక్కువ ధర పెట్టకండి. పండులో రెండు గింజలకు బదులు ఒకటే గుండ్రంగా కడితే పీబరీ. అదేం వేరే జాతి కాదు.

చిక్కటి చుక్క:
పాల మాట ఒప్పుకోను. పాతబడ్డ గింజలో ముందు పోయేది వాసన, అది పంచదారతో తిరిగి రాదు. మిక్సీ మాట మాత్రం నిజం.

వాల్తేరు గాలి:
గింజలు కాకుండా చికోరీ కలిపిన పొడి అయితే?

గింజల గోనె:
చికోరీ చెమ్మను లాగేస్తుంది, నాలుగు రోజుల్లో అడుగున గడ్డ కడుతుంది. అది ఫ్రీజర్‌కి అసలు పనికిరాదు. వారానికి సరిపడా తెచ్చి, నిండుగా పట్టే చిన్న స్టీలు డబ్బాలో బిగించండి. పెద్ద డబ్బాలో పావువంతు పొడి ఉంటే మిగతాదంతా గాలే. పొయ్యి పక్క అరలో పెట్టొద్దు, తడి చెంచా ముంచొద్దు. కొనేటప్పుడు ప్యాకెట్ మీద శాతం చదవండి. కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదన్నది నియమం, అంటే 49 శాతం చికోరీ కూడా చెల్లుతుంది.

చిక్కటి చుక్క:
కవర్లు కట్టే ఓపికుంటే గోనె గారి పద్ధతి చేయండి, కాదనను. విప్పిన కవరు మాత్రం మళ్లీ ఫ్రీజర్‌లోకి వెళ్లకూడదు.